కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు పాతదాని మూత తీద్దాం

ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు. ఏటా తల్లిదండ్రులు వేసుకునే ఈ లెక్కలో కొన్నేళ్లుగా ల్యాప్‌టాప్ కూడా వచ్చి చేరింది. ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020లోనో, అంతకు ముందు ఆఫీసు పనికోసమో కొన్నది ఇంట్లో ఉంటుంది. "నాన్నా, ఇది ఆన్ అయ్యేసరికి నేను స్నానం చేసి వచ్చేస్తున్నాను, కొత్తది కొందాం" అని పిల్లలు అంటారు. ప్రాజెక్టు గడువు ముంచుకొస్తుంది. వాయిదాల మీద కొత్తది ఇంటికి వస్తుంది, పాతది బీరువా పైకి వెళుతుంది.

ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒక్క ఆదివారం ఆగమని నా మనవి. చాలా ఇళ్లలో నెమ్మదించింది ల్యాప్‌టాప్ మొత్తం కాదు, అందులోని హార్డ్ డిస్క్. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు. ఆ పనిని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే చేయాలన్నది నా అభిప్రాయం. డబ్బు ఆదా కావడం ఒక లాభం. పిల్లలకు దొరికేది అంతకన్నా పెద్దది.

ముందు జబ్బేమిటో చూద్దాం. పాత ల్యాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం ఉంటుంది. ఎక్కువ వాటిలో అది నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు ఎంత సమయమో మీ అమ్మాయినో అబ్బాయినో లెక్క కట్టమనండి: 60ని 5,400తో భాగిస్తే సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ఉన్న చోటు తన కిందికి వచ్చేదాకా చదివే హెడ్ ఎదురుచూడాలి. ఒకే పెద్ద వీడియో అయితే ఇది ఇబ్బంది కాదు. కానీ విండోస్ మొదలవడమంటే ఎక్కడెక్కడో ఉన్న వేల చిన్న ఫైళ్లను తెరవడం. ప్రతిదానికీ ఆ ఎదురుచూపు తప్పదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, అన్నీ చిప్‌లే. అందుకే ప్రాసెసర్ పాతదైనా తేడా కళ్లకు కనబడుతుంది.

మీ ల్యాప్‌టాప్‌లో ఏముందో తెలుసుకోవడానికి దాన్ని విప్పనక్కర్లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ అన్నచోట చూడండి. డిస్క్ దగ్గర హెచ్‌డీడీ అని ఉండి, ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో దాని వాడకం నూటికి నూరు చూపిస్తుంటే దోషి దొరికినట్టే. ఎస్‌ఎస్‌డీ అనే ఉంటే కారణం వేరే. ఈ ఖర్చు మీకు అక్కర్లేదు.

హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి రెండున్నర అంగుళాల సాటా రకం సరిపోతుంది. మోడల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున ఉంటుంది. దాన్నిబట్టి కొనేముందు నిర్ధారించుకోండి. దానితోపాటు తీసుకోవలసిన చిన్న వస్తువు యూఎస్‌బీ నుంచి సాటాకు అడాప్టర్. ఒకవైపు యూఎస్‌బీ, రెండోవైపు డిస్క్‌కు తగిలే మూతి ఉన్న కేబుల్ అది. ఎస్‌ఎస్‌డీ ధరలు మారుతుంటాయి గానీ రెండూ కలిపినా కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగమే.

పని వరస ఇది. ముఖ్యమైన ఫైళ్లను ముందుగా వేరే డ్రైవ్‌లో దాచుకోండి. బిట్‌లాకర్ తాళం ఉంటే తీసేయండి, లేదా రికవరీ కీ రాసిపెట్టుకోండి. కొత్త ఎస్‌ఎస్‌డీని అడాప్టర్‌తో బయటినుంచి తగిలించి, క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా దానిలోకి ఎక్కించండి. కొన్ని కంపెనీలు ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎస్‌ఎస్‌డీతోపాటే ఇస్తాయి. క్లోన్‌జిల్లా లాంటివి ఉచితం. ఎక్కడినుంచి, ఎక్కడికి అన్నది మాత్రం రెండుసార్లు చదివి నొక్కాలి. అవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది. కాపీకి కొన్ని గంటలు పట్టవచ్చు. తర్వాత ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ విడదీసి, అడుగు మూత విప్పాలి. స్క్రూలు ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూను ఆ చోటే గుచ్చే పని పిల్లలకు అప్పగించండి. డిస్క్ మార్చాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్‌ను అడాప్టర్‌కు తగిలించి ఉంచకండి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. పని అయ్యాక కూడా పాత డిస్క్ పాతలాగే ఉంటుంది. కొత్తది పనిచేయకపోతే నాలుగు స్క్రూలు విప్పి పాతది పెట్టేస్తే నిన్నటి ల్యాప్‌టాప్ మళ్లీ మీ ముందుంటుంది. మన పిల్లలు ఒక్క తప్పు జవాబుకు ఒక మార్కు కోసే జేఈఈ లాంటి పరీక్షలకు ఏళ్ల తరబడి తయారవుతున్నారు. తెలియకపోతే వదిలేయడమే మేలని మనమే నేర్పుతున్నాం. పరీక్షలో అది తెలివే. కానీ చేతిపనిలో అదే అలవాటైతే పిల్లలు దేన్నీ ముట్టుకోరు, చెడిపోతే కొత్తది అడుగుతారు. తప్పినా వెనక్కి రాగలిగే దారిని ముందే వేసుకుని ప్రయత్నించడం ఇంజినీర్లు రోజూ చేసే పని. ఆ పాఠం ఇంట్లో, ఇంత తక్కువ ఖర్చుతో దొరకడం అరుదు.

అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఇదే మందు అనడం లేదు. చవక మోడళ్లు కొన్నిటిలో స్టోరేజీ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. వారంటీ ఉంటే దాని నిబంధనలు ముందు చదవండి. డిస్క్ టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు. నిపుణుడికి చూపించి ముందు డేటా కాపాడుకోండి. ఇంకొకటి, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా తర్వాతి ప్రాసెసర్ కావాలి. ఎస్‌ఎస్‌డీ పెట్టినంత మాత్రాన పాత ప్రాసెసర్‌కు ఆ అర్హత రాదు. అలాంటి వాటిలో లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో నేర్పే పైథాన్‌కు, ప్రాజెక్టు రిపోర్టులకు అది చాలు.

"ఇదంతా ఎందుకండీ, షాపులో ఇస్తే అరగంటలో చేసిస్తారు" అనే తల్లిదండ్రులూ ఉంటారు. నిజమే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో గానీ, మీ ఊళ్లోని రిపేరు షాపులో గానీ ఆ పని తెలిసినవాళ్లున్నారు. మీకు చేయి వణికితే అక్కడికే వెళ్లండి. కాకపోతే పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, కౌంటరు దగ్గర నిలబడి చూడనివ్వండి. ఇంటర్‌తో చదువు ఆపిన మెకానిక్ తమ ల్యాప్‌టాప్‌ను ఎంత నేర్పుగా విప్పుతున్నాడో చూడటం కూడా చదువే.

పాత డిస్క్‌ను చెత్తబుట్టలో వేయకండి. అందులో మీ ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు, కుటుంబం ఫోటోలు ఉంటాయి. కొన్ని వారాలు భద్రంగా ఉంచి, అంతా బాగుందనుకున్నాక అదే అడాప్టర్‌తో పూర్తిగా చెరిపేసి బ్యాకప్‌కు వాడుకోవచ్చు. ఎవరికైనా ఇచ్చేటట్టయితే చెరిపేశాకే ఇవ్వండి. ఇక పనికిరాదనుకుంటే ఈ-వేస్ట్ సేకరించే చోటే అప్పగించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు ఈ వ్యర్థాల బాధ్యతను తయారీ కంపెనీల మీదా పెట్టాయి.

చివరగా బడికి ఒక మాట. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అందులో ఒక రోజు కంప్యూటర్ మెకానిక్‌కు ఇవ్వండి. ప్రతి బ్రాంచి ల్యాబ్‌లో ఒక అడాప్టర్, ఒక స్క్రూడ్రైవర్ సెట్ ఉంచి, పేరు రాయించుకుని తల్లిదండ్రులకు రెండు రోజులు అరువిచ్చే ఏర్పాటు చేయండి. ఏడాదిలో ఒకటి రెండుసార్లకు మించి అవసరం పడని వస్తువును ఇంటింటా కొనడం దేనికి?

కొత్త ల్యాప్‌టాప్ నిజంగా కావలసిన రోజు వస్తుంది, అప్పుడు కొందాం. అప్పటికి మన పిల్లలకు దాని లోపల ఏముందో, ఏది చూసి కొనాలో తెలిసి ఉంటుంది.