గుర్రప్పందేలకు పన్నుపోటు ఒక్కటేనా?



పన్నుల వల్లే గుర్రప్పందేలు దెబ్బతింటున్నాయన్న మీరు ప్రచురించిన వ్యాసంలో సగం నిజముంది. 28 శాతం ఉన్న జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22న 40కి చేరింది. అదీ రేస్ క్లబ్బు కమీషన్ మీద కాదు, పందెం మొత్తం మీద. ఇలాగైతే పందెగాడు దొంగచాటు బుకీనే వెతుక్కుంటాడు. ఇక్కడిదాకా వ్యాసకర్తతో నాకు పేచీ లేదు.

మరి క్లబ్బుల పెద్దలు పన్ను తప్ప వేరే మాటెత్తరేం? గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యమని 1996లో సుప్రీంకోర్టు అన్నది. సరే, ఆ నైపుణ్యం జాకీది, ట్రెయినర్‌ది, తెల్లారకముందే గుర్రానికి మాలిష్ చేసే సైసుది. జాకీ పడి నడుం విరిగితే ఇల్లు గడిచేదెలా? పరుగు ఉడిగిన గుర్రం ఎటు పోతుంది? బరాత్‌కో, బండికో అయితే అది లెక్కల్లో ఎక్కడుంది?

గుర్రాల భద్రత కోసం అమెరికాలో, రాష్ట్రానికో తీరుగా ఉన్న పందెపు గుర్రాల మందుల నిబంధనలను 2020 నాటి చట్టంతో చాలావరకు ఒకే సంస్థ కిందికి తెచ్చారు. 2023లో అక్కడి చర్చిల్ డౌన్స్ రేస్ మైదానంలో కొద్ది వారాల్లో 12 గుర్రాలు చనిపోతే, పందేలనే వేరే మైదానానికి తరలించారు.

మన మలక్‌పేట రేస్ క్లబ్బు సహా ప్రతి క్లబ్బూ సీజన్ ముగియగానే గాయాలు, మరణాలు, రిటైరైన గుర్రాల చిట్టా బయటపెట్టాలి. పన్ను తగ్గించమని అడగడం ఆ తర్వాత.

— ఒక పాఠకుడు, సైదాబాద్, హైదరాబాద్