పొరపాటు వేరు, అతిక్రమం వేరు

జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల తొలినాళ్లలో ఒకరోజు ఇంట్లో టీ పెట్టుకుంటున్నాడు. పక్కన పిల్లి ఆకలితో ఒకటే అరుపు. ఆయన పిల్లి తిండి డబ్బా తెరిచి, చెంచాతో తీసి, తిన్నగా టీ పాత్రలో వేశాడు! మనమైతే నవ్వుకుని, ఆ టీ పారబోసి, సాయంత్రానికి మరచిపోయేవాళ్లం. ఆయన మరచిపోలేదు. తెలివిగల మనిషి కూడా ఇలా ఎందుకు పొరబడతాడన్న ప్రశ్ననే పట్టుకుని దశాబ్దాలపాటు పరిశోధించాడు. ఆ ప్రశ్న ఆయన్ని వంటింటి నుండి రోడ్డు మీదికి కూడా తీసుకువచ్చింది.

ఆయన మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న కాలంలో, 1990లో, సహచరులతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించాడు. 520 మంది డ్రైవర్లకు 50 అంశాల ప్రశ్నావళి ఇచ్చి, ఫలానా పని మీరెంత తరచుగా చేస్తుంటారని అడిగారు. కారు ఎక్కడ నిలిపారో మరచిపోవడం, ఒక స్విచ్ అనుకుని మరో స్విచ్ నొక్కడం, అద్దంలో చూడకుండా పక్కకు తిరగడం, ముందు బండికి తగిలేంత దగ్గరగా వెళ్లి దారిమ్మని ఒత్తిడి చేయడం, అర్ధరాత్రి ఎవరూ లేరని వేగ పరిమితిని లెక్కచేయకపోవడం... ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. జవాబులను విశ్లేషిస్తే అవి ఒకే గంపలో పడలేదు. హాని లేని మతిమరుపులు ఒకవైపు, ప్రమాదకరమైన పొరపాట్లు ఇంకోవైపు, తెలిసి తెలిసి చేసే ఉల్లంఘనలు మరోవైపు విడిపోయాయి. వయసు పెరిగే కొద్దీ ఉల్లంఘనలు తగ్గాయి కానీ పొరపాట్లు తగ్గలేదు. ఆడవాళ్ల కంటే మగవాళ్లే ఎక్కువ ఉల్లంఘిస్తున్నట్టు కూడా తేలింది. ఇది చెప్పడానికి పరిశోధన కావాలా అని మన ఇళ్లలోని అమ్మలు అడగవచ్చు!

బైబిలు చదివేవారికి ఈ విభజన కొత్తది కాదు. సంఖ్యాకాండము పదిహేనో అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం తెలియక చేసిన పాపాన్నీ, తెగించి చేసిన పాపాన్నీ వేరు చేస్తుంది. మొదటిదానికి బలి ఉంది, క్షమాపణ ఉంది. రెండోదాన్ని హీబ్రూ మూలం చెయ్యెత్తి చేసిన పాపంగా వర్ణిస్తుంది. దానికి అక్కడ బలి చెప్పలేదు. మన తెలుగు బైబిల్లో 'అతిక్రమము' అన్న మాట ఎన్నోసార్లు వింటాం. గీత ఎక్కడుందో తెలిసి దాన్ని దాటడమే అతిక్రమం. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆ గీత తెల్లరంగుతో గీసి మరీ ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే, మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ఇది కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. ద్విచక్ర వాహనాల మీద హెల్మెట్ లేకుండా వెళ్తూ చనిపోయినవారే 50,029 మంది. హెల్మెట్ ఇంట్లో లేక కాదు. చాలామంది బళ్లకు అది అద్దానికో, ట్యాంకు మీదో వేలాడుతూనే ఉంటుంది. దూరాన పోలీసు కనబడగానే తల మీదికి ఎక్కుతుంది, చౌరస్తా దాటగానే దిగిపోతుంది. దీన్ని పొరపాటు అనగలమా? యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని పెట్రోలు బంకు దాకా రాంగ్ రూట్లో వెళ్లేవాడికి అది రాంగ్ రూటని తెలియదా?

అయినా సమాధి కార్యక్రమంలో మనం ఏమంటున్నాం? కాలం తీరిందంటున్నాం, దేవుని చిత్తమంటున్నాం. దుఃఖంలో ఉన్న తల్లికి ఆ మాట ఓదార్పుగా ఉంటుందని కాబోలు. కానీ ముగ్గురెక్కిన బండిని నూరు కిలోమీటర్ల వేగంతో నడపమని దేవుడు ఎవరికీ చెప్పలేదు. మనిషి అతిక్రమాన్ని దేవుని ఖాతాలో రాయడం ఆయన పేరును వ్యర్థంగా ఉచ్చరించడం కాదా అన్నది పాస్టర్లమైన మేము ఆలోచించుకోవాల్సిన ప్రశ్న. చనిపోయినవాణ్ణి నిందించమని కాదు మా ఉద్దేశం. ఆ సమాధి చుట్టూ నిలబడ్డ అతని స్నేహితులు అదే బళ్ల మీద ఇంటికి వెళ్తారు, మా మాట వాళ్లూ వింటున్నారు.

మరి పొరపాట్ల సంగతి? వాటివల్ల ప్రమాదాలు రావని కాదు. మాంచెస్టర్ బృందం తర్వాతి అధ్యయనాల్లో ప్రమాదాలకు ఉల్లంఘనలతోనే సంబంధం కనిపించింది. కానీ ఆ ప్రశ్నావళిని వాడిన 174 అధ్యయనాలను 2010లో మరో ఇద్దరు పరిశోధకులు పరిశీలించినప్పుడు, పొరపాట్లకూ ప్రమాదాలతో సంబంధం ఉందని తేలింది. రెండూ ప్రాణం తీసేవే, అయితే మందు వేరు. పొరపాటుకు శిక్షణ కావాలి, మంచి బండి కావాలి, మంచి రోడ్డు కావాలి. ఢిల్లీ ఐఐటీలో రోడ్డు భద్రత మీద దశాబ్దాలు పనిచేసి 2021లో మరణించిన ఆచార్య దినేశ్ మోహన్ మొత్తుకున్నది దీని గురించే. డ్రైవర్ని తిట్టి ఊరుకుంటే రోడ్డు మారదని ఆయన వాదన. పోలీసు కాగితంలో 'అతివేగం' అని రాయడం ఎంత సులువో, మలుపు సరిగ్గా కట్టలేదని రాయడం అంత కష్టం. స్వీడన్ 1997లో తన పార్లమెంటులోనే ఒక విధానం ఆమోదించింది. మనిషి పొరబడతాడు, ఆ పొరపాటు అతని ప్రాణం తీయకుండా రోడ్డును కట్టాలన్నది దాని సారం. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము చెప్పింది కూడా ఈ లెక్కలోనే. జాగ్రత్తగా నడవండని బోర్డు పెట్టమనలేదు, గోడ కట్టమంది. మన ఊరి మలుపు దగ్గర రెయిలింగ్ లేకపోతే అధికారులను అడగడం సంఘానికి తగని పనేమీ కాదు.

అతిక్రమానికి మాత్రం గోడ ఒక్కటే చాలదు. మనిషి వైఖరి మారాలి, చుట్టూ ఉన్నవారి ధోరణి మారాలి అని ఆ 1990 నాటి పరిశోధకులే చెప్పారు. అయితే ఒక ప్రసంగం చేసేస్తే సరిపోతుందనుకునే మాలాంటివారికి ఇంకో అధ్యయనం చెప్పాలి. 1973లో ప్రచురించిన ఆ పరిశోధనకు అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులను తీసుకున్నారు. ఒక్కొక్కరినీ పక్క భవనంలో మాట్లాడటానికి పంపారు. కొందరు మాట్లాడవలసిన అంశం మంచి సమరయుని ఉపమానమే. దారిలో ఒకడు బాధతో మూలుగుతూ కూలబడి ఉన్నాడు, అది పరిశోధకుల ఏర్పాటు. తొందర లేనివారిలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైందని తొందరపెట్టినవారిలో నూటికి 10 మందే ఆగారు. చెప్పబోయే అంశం కంటే తొందరే వారి ప్రవర్తనను ఎక్కువగా నిర్ణయించింది.

మన డ్రైవర్లను తొందరపెట్టేది ఎవరు? పెళ్లి వ్యాను బయలుదేరేదే గంట ఆలస్యంగా. ఆ తర్వాత ఆరాధన మొదలైపోతుంది, కాస్త తొక్కు తమ్ముడూ అని వెనక సీటులోని పెద్దలే అంటారు. స్వీడన్ పరిశోధకుడు గోరన్ నిల్సన్ సూత్రం ప్రకారం రోడ్డు మీద సగటు వేగం నూటికి 5 వంతులు పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు నూటికి 20 వంతులకు పైగా పెరుగుతాయి. ఆ పెద్దాయన ఆదా చేసే ఏడెనిమిది నిమిషాల వెల అది.

ఇక తాళం సంగతి. పదో తరగతి చదివే కొడుకు బండి తీస్తే 'మావాడు అప్పుడే నేర్చేశాడు' అని మురిసిపోయే తండ్రులు మన సంఘాల్లో తక్కువేం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. నిర్గమకాండములోని పొడిచే ఎద్దు సంగతి గుర్తు చేసుకోండి. అది పొడిచేదని యజమానికి ముందే తెలిసి, హెచ్చరిక కూడా విని, అయినా కట్టెయ్యకపోతే నేరం ఎద్దుతో ఆగలేదు, యజమాని దాకా వచ్చింది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో బళ్లు నిలిపిన చోట ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఎన్ని బళ్లు వెళ్తున్నాయో, ఎన్ని తలల మీద హెల్మెట్లు ఉన్నాయో, ఎంతమంది పిల్లల చేతుల్లో తాళాలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని, సంఘ కమిటీ తదుపరి సమావేశంలో ఆ కాగితాన్ని చదవండి.