కొత్త ఎడిషన్‌కు పోటీ అలమారలోని పాత పుస్తకమే

పంచాంగం వేసేవారికి ఉగాది అనే వరం ఉంది. ఎంత మంచి కాగితం మీద వేసినా ఏడాది తిరిగేసరికి అది పాతబడుతుంది, కొత్తది కొనక తప్పదు. రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల పుస్తకాలు వేసేవారికి అలాంటి వరం లేదు. 1978లో అమెరికాలో కొన్న రూల్‌బుక్ అట్ట ఊడకుండా ఉంటే, ఈ రాత్రికి దాంతోనే ఆడుకోవచ్చు. అందుకే ఈ ప్రచురణకర్తలు ఉగాదిని తామే తయారు చేసుకుంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కొత్త ఎడిషన్.

ఈ ఆట ఎరగనివారి కోసం రెండు మాటలు. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన డంజన్ మాస్టర్. మిగతావారికి తలా ఒక పాత్ర. ‘కోట గోడ దూకుతాను’ అంటాడు ఒకడు. ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. పెద్ద అంకె పడిందా, గోడ దాటాడు. చిన్నది పడిందా, కందకంలో ఉన్నాడు. ఏ పనికి ఎంత పడాలో చెప్పేది రూల్‌బుక్. వ్యాపారికి చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంతమందికీ కలిపి ఒక్క సెట్టు పుస్తకాలు చాలు. అవి అరిగిపోవు. మిగతాదంతా ఊహ; దానికి బిల్లు వేయడం కుదరదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అప్పటి అధినేత్రి సింథియా విలియమ్స్ 2022 డిసెంబరులో ఇన్వెస్టర్ల ముందు చెప్పింది ఈ లెక్కే. ఆడేవారిలో డంజన్ మాస్టర్లు 20 శాతం, పెద్ద ఖర్చు మాత్రం వాళ్లదే. ఈ బ్రాండ్ నుంచి రావలసినంత డబ్బు రాబట్టడం లేదన్నది ఆమె మాటల సారాంశం.

కొత్త ఎడిషన్లన్నీ దోపిడీయే అనడం అన్యాయం. 1989 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ రెండో ఎడిషన్‌లో శత్రువు కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత తక్కువ. మరీ గట్టిదైతే సున్నా కిందికి దిగేది. మీ దాడి అంకె 16, రాక్షసుడి కవచం మైనస్ 2 అనుకోండి. 16లోంచి మైనస్ 2 తీసేస్తే 18. పాచిక మీద అంత పడాలి. అర్ధరాత్రి కత్తి దూసి నిలబడ్డవాడు ఎనిమిదో తరగతి లెక్కల్లో ఇరుక్కునేవాడు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ చిక్కుముడిని విప్పేసింది. కవచం 22, మీ బలం 4, కాబట్టి 18 పడితే చాలు. ఫలితం అదే, కూడిక తప్ప మరో లెక్క లేదు. ఇలాంటి మార్పుకు డబ్బు పెట్టి కొన్నవాడు మోసపోలేదు. మూడేళ్లకే, 2003లో, 3.5 అంటూ పుస్తకాలన్నీ మళ్లీ దించారు చూడండి, దాన్ని సమర్థించడం నా వల్ల కాదు. దశాంశ బిందువు పెట్టి మరీ అమ్మిన ఘనత అది.

ఎడిషన్ల వెనక ఒక్కోసారి రూల్స్ కంటే వాటాల గొడవే ఎక్కువ. 1974లో ఆట మొదటి పెట్టెను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ పేర్లతో టీఎస్‌ఆర్ అనే చిన్న కంపెనీ తెచ్చింది. వేసినవి వెయ్యి ప్రతులు. 1977 నుంచి ‘అడ్వాన్స్‌డ్’ అని తగిలించిన పుస్తకాలు వచ్చాయి. అది వేరే ఆట కాబట్టి ఆర్నెసన్‌కు రాయల్టీ అక్కర్లేదంది కంపెనీ. ఆయన 1979లో కోర్టుకెక్కితే 1981లో రాజీ కుదిరింది.

మరి రూల్స్ మార్చకుండా కథలు, లోకాలు అమ్ముకోకూడదా? టీఎస్‌ఆర్ ఆ పనీ చేసింది. 1990లలో లోకం మీద లోకం విడుదల చేసింది. ఒక లోకంలో ఆడేవాడు పక్క లోకం పుస్తకం ముట్టలేదు. కొనేవారు ముక్కలయ్యారు, అమ్ముడుపోని ప్రతులు కుప్పలుగా తిరిగొచ్చాయి, 1997లో కంపెనీయే విజార్డ్స్ చేతికి పోయింది. రెండేళ్లకు ఆ విజార్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనేసింది.

ఈ చరిత్రలో అసలు మలుపు 2000లో వచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్. విజార్డ్స్‌లో ర్యాన్ డాన్సీ దీనికి పట్టుబట్టారు. మా మూల నియమాలను ఎవరైనా వాడుకుని సొంత పుస్తకాలు అచ్చేసుకోవచ్చు అన్నారు. చిన్న ప్రచురణకర్తలు కథలు రాస్తే ఆడేవారు పెరుగుతారు, అందరికీ కావలసిన మూల పుస్తకం మాత్రం మా దగ్గరే దొరుకుతుందన్నది ఎత్తుగడ. అది పారింది. అయితే ఇచ్చిన తాళంచెవిని తిరిగి తీసుకోవడం తేలిక కాదని 2008లో తెలిసొచ్చింది. ఆ ఏడాది నాలుగో ఎడిషన్ ఆటను పూర్తిగా మార్చేసి, లైసెన్సునూ బిగించింది. అంతకుముందు విజార్డ్స్ పత్రికలను లైసెన్సు మీద నడిపిన పైజో కంపెనీ, పాత లైసెన్సు చేతిలో పట్టుకుని 3.5 నియమాలకు మెరుగులు దిద్ది 2009లో ‘పాత్‌ఫైండర్’ తెచ్చింది. షాపుల అమ్మకాల ర్యాంకింగుల్లో కొన్నాళ్లు అది అసలు ఆటనే దాటిపోయింది. తన పాత ఎడిషన్ చేతిలోనే ఓడిన ప్రచురణకర్తను నేను వేరే చూడలేదు.

ఆ దెబ్బతో 2014 నాటి అయిదో ఎడిషన్ ఒద్దికగా వచ్చింది. ముందుగా ఆటగాళ్లతో ఆడించి చూశారు, ప్రాథమిక నియమాలు ఉచితంగా ఇచ్చారు. ఆట ఎన్నడూ లేనంతగా పెరిగింది. పెరిగేసరికి పాత ఆశ మళ్లీ లేచింది. 2023 జనవరిలో బయటికి పొక్కిన కొత్త లైసెన్సు ముసాయిదా, పాతది ఇక చెల్లదంది, 7.5 లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై 25 శాతం దాకా రాయల్టీ అడిగింది. ఆటగాళ్లు కంపెనీ వెబ్‌సైట్ చందాలు రద్దు చేసుకున్నారు. ఆ నెల 27న విజార్డ్స్ వెనక్కి తగ్గి, సుమారు 400 పేజీల మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద శాశ్వతంగా వదిలేసింది.

లైసెన్సు దారి మూసుకున్నా తెర దారి ఉంది. ఆటగాళ్ల పాత్రల చిట్టాలు ఇప్పుడు ‘డి అండ్ డి బియాండ్’ సైట్లో ఉంటున్నాయి. 2022లో హాస్‌బ్రో దీన్ని 14.6 కోట్ల డాలర్లకు కొంది. 2024లో సవరించిన పుస్తకాలు వస్తున్న వేళ, ఆ చిట్టాల్లోని పాత మంత్రాల స్థానంలో కొత్తవి పెట్టేస్తామని ప్రకటించారు. అలమారలోని కాగితం మీద మంత్రాన్ని ఎవరూ వచ్చి చెరపలేరు. తెర మీదది రాత్రికి రాత్రే మారిపోగలదు. ఉగాది దొరకని ప్రచురణకర్తకు అది చేతికందింది. గోల లేచాక కొద్ది రోజుల్లోనే ఆ ఆలోచన మానుకున్నారు, అది వేరే సంగతి. ఆ మీట మాత్రం ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. లైసెన్సు గొడవ కంటే నాకు ఇదే పెద్ద ప్రమాదంగా కనిపిస్తోంది.

వేరే దారి లేదా అంటే ఉంది. కేయోసియం సంస్థ 1981లో తెచ్చిన ‘కాల్ ఆఫ్ క్తుల్హూ’ ఏడో ఎడిషన్‌కు చేరింది. మొదటి ఎడిషన్‌కు రాసిన కథను కొద్ది అంకెలు సరిచేసుకుని నేటికీ ఆడొచ్చు. పాత పుస్తకాన్ని శత్రువుగా చూడకపోతే, దాన్ని కొన్నవాడు తర్వాతి కథా కొంటాడు.

కొత్తగా ఈ ఆట మొదలుపెట్టాలనుకునేవారు కొత్త పుస్తకాల ధర చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు. 2024 నాటి సవరించిన నియమాల సారాన్ని కూడా విజార్డ్స్ 2025 ఏప్రిల్‌లో అదే క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా పెట్టింది.