సెన్సర్ పోయిందంటే సరే అనేయడమేనా?

గ్యాస్ స్టవ్ మంట నీలంగా కాకుండా ఎర్రగా వస్తుంటే గాలి సరిగా కలవడం లేదని మనకెవరూ చెప్పనక్కర్లేదు. బర్నరు తీసి శుభ్రం చేసుకుంటాం. అంతేగానీ స్టవ్ మార్చేయం. కానీ కారుకి పికప్ లేదని షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు మెకానిక్ “ఎయిర్‌ఫ్లో సెన్సర్ పోయింది మేడమ్, మార్చాల్సిందే” అనగానే అదే మనం పర్సు తీసేస్తున్నాం. పైగా “మీకర్థం కాదులెండి, సార్‌తో మాట్లాడతాం” అనిపించుకుని మరీ! బండి నడిపేది మనం, పెట్రోలు పోయించేది మనం. మాట్లాడ్డానికి మాత్రం సార్ కావాలా?

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజన్లోకి ఎంత గాలి వెళ్తోందో తెలిస్తే కారులోని కంప్యూటరు దానికి తగ్గ పెట్రోలు చిమ్మిస్తుంది. ఆ గాలిని తూచే త్రాసే ఈ సెన్సర్. ఎయిర్ ఫిల్టరు డబ్బా దాటగానే గొట్టంలో ఉంటుంది. చాలా కార్లలో దాని లోపల సన్నని ప్లాటినం తీగ ఒకటి కరెంటుతో వేడెక్కి ఉంటుంది. గాలి తగిలితే చల్లబడుతుంది. వేడి తగ్గకుండా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్నిబట్టి గాలి లెక్క తేలుతుంది. వేడి పాలను ఊది చల్లార్చే మనకు ఇదేమంత కొత్త సంగతి?

అన్నిటికంటే ముందు మన కారులో అసలు ఈ సెన్సర్ ఉందా అని తేల్చుకోవాలి. పాత ఆల్టో, వ్యాగనార్ లాంటి మారుతి పెట్రోలు కార్లలో ఇది ఉండదు. వాటిలో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి బండికి “ఎయిర్‌ఫ్లో సెన్సర్ మార్చాం” అని బిల్లు వేస్తే, ఏం మార్చారో చూపించమని అడగండి. 2003లో మన దేశానికొచ్చిన పెట్రోలు టొయోటా కరోలాలో మాత్రం ఇది ఉంది.

రాజమండ్రిలో లెక్చరరుగా చేస్తున్న మా పిన్ని కూతురిది ఆ పాత కరోలాయే. ఆగి ఉన్నప్పుడు వణుకుతోంది, మైలేజీ పడిపోయింది, డాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగింది. స్కానరు పెడితే పి0171 అని కోడు వచ్చింది. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. అంతవరకే. సెన్సర్ చెడిపోయిందని ఆ కోడు ఎక్కడా చెప్పదు! అయినా షెడ్డువాళ్లు పేరూ ఊరూ లేని సెన్సర్ ఒకటి తెచ్చి బిగించారు. రెండోరోజు నుంచి బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆఫ్ అయిపోవడం. వెనక లారీలు హారన్ కొడుతుంటే దాని అవస్థ చెప్పనలవి కాదు. ఇంకో మెకానిక్ చూస్తే, సెన్సర్‌కూ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టం మడతల్లో పగిలి ఉంది. లెక్కకు రాని గాలి అక్కణ్నుంచి దూరిపోతోందన్నమాట. గొట్టం మార్చి, పాత సెన్సర్‌నే కడిగి పెట్టాడు. పాతది అడిగి తెచ్చుకుని దాచుకోబట్టి సరిపోయింది.

కడగడం అన్నాను కదా, దానికంటూ విడిగా స్ప్రే దొరుకుతుంది. కార్బురేటర్ క్లీనరు కొట్టకూడదు. గుడ్డతో, దూదిపుల్లతో ఆ తీగను ముట్టుకోనే కూడదు. పూర్తిగా ఆరాకే బిగించాలి. కడిగి వాడుకునే ఫిల్టర్లకు నూనె ఎక్కువ పట్టిస్తే ఆ జిడ్డు వచ్చి తీగకే అంటుకుంటుంది.

కడిగాక స్కానరులో రీడింగు చూపించమనండి. ఇంజన్ వేడెక్కి, ఏసీ ఆపి, బండి నిలబడి ఉన్నప్పుడు 1.8 లీటర్ల కరోలాకు సెకనుకు రెండు, మూడు గ్రాముల గాలి చూపించాలి. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ అది తడబడకుండా పెరగాలి. గొట్టం బాగుండి, వైర్లు బాగుండి, కడిగాక కూడా లెక్క తేడాగా ఉంటే అప్పుడు మార్చాల్సిందే.

ఏది కొనాలి? చీరకు మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ చూసినట్టు రూపం చూసి కొనేది కాదిది. సాకెట్ సరిపోయినా, స్క్రూలు కూర్చున్నా, లోపలి కొలత వేరుగా ఉండొచ్చు. గాలి గొట్టం వెడల్పు మారితే లెక్కే మారిపోతుంది. అందుకే పాత సెన్సర్ ఒంటిమీదున్న నెంబరు రాసుకుని, అదే నెంబరుది అడగాలి. టొయోటాకు సెన్సర్లు చేసిచ్చేది డెన్సో కంపెనీ. ఆ కంపెనీ డబ్బాలో వచ్చినదైనా పర్వాలేదు. డబ్బాలకూ డూప్లికేట్లున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

ఒరిజినల్ ధర వింటే గుండె గుభేలుమంటుంది, నిజమే. అప్పుడు చాలామంది పేరులేని కొత్త మాల్ వైపు మొగ్గుతారు. “కొత్తది కదా, పాతదానికన్నా నయం” అంటారు. నేనొప్పుకోను. అదే మోడల్ స్క్రాప్ బండి నుంచి తీసిన, అదే నెంబరున్న ఒరిజినల్ ఈ చవక కొత్తదానికంటే ఎంతో మేలు. బిగించి రీడింగు చూశాకే డబ్బులిస్తానని ముందే మాట్లాడుకోండి. లోకల్ మాల్ తక్కువ గాలి చూపిస్తే ఇంజన్‌కు పెట్రోలు చాలదు, ఎక్కువ చూపిస్తే పెట్రోలు వృథా. అలా నెలల తరబడి నడిస్తే సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరు కూడా పాడవుతుంది. దాని ఖర్చు ముందు సెన్సర్ ఖర్చు ఏపాటి!

మార్చాక కంప్యూటరులోని పాత లెక్కలు స్కానరుతో చెరిపించి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగు మీరే పట్టి ఓ నాలుగు కిలోమీటర్లు తిరిగి రండి. బిల్లు మీద ఉత్త “సెన్సర్–1” అని రాస్తే ఊరుకోవద్దు, నెంబరు వేయించండి. పాతది కవర్లో పెట్టి ఇమ్మనండి. “అదెందుకు మేడమ్, పనికిరాదు” అంటారు. ఇమ్మనే అనండి.