చల్లటి నీళ్లు మునగలేదు

పోయినేడు వానాకాలంలో ఓ రాత్రి పదకొండింటికి నాన్న ఫోన్ చేశాడు. మాది నరసాపురం వైపు. ఎకరన్నర వనామి చెరువు. సాయంత్రం నుంచి కుండపోత. కరెంటు లేదు, జనరేటర్‌లో డీజిల్ అంతంతమాత్రం. "ఒరే, ఏరేటర్లు తెల్లారేదాకా ఆపొచ్చా?" అన్నాడు.

హైదరాబాద్‌లో మంచం మీద పడుకుని, బీటెక్ చదివినవాడిని కదా, సలహా ఇచ్చేశాను. "వాన నీళ్లు చల్లగా ఉంటాయి నాన్నా. చల్లటి నీళ్లు బరువు. వాటంతటవే కిందికి దిగి కలిసిపోతాయి."

తెల్లారేసరికి రొయ్య తేలింది. సగం పోయింది. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బావుండేది.

వారం తర్వాత ఆఫీసు పనయ్యాక లెక్క వేసి చూశాను. సముద్రపు నీటి సాంద్రతకి ఉచితంగా దొరికే పైథాన్ లైబ్రరీ ఉంది, జీఎస్‌డబ్ల్యూ అని. 2010 నుంచి వాడుకలో ఉన్న టీఈఓఎస్-10 సూత్రాల మీద నడుస్తుంది. ఉప్పు, వేడి, ఒత్తిడి ఇస్తే ఘనపు మీటరు నీళ్లు ఎన్ని కిలోలో చెబుతుంది. చిన్న మెలిక ఉంది. మీటర్లు చూపే లవణీయతని నేరుగా ఇవ్వకూడదు. మీటరు 35 అంటే దానికి కావాల్సింది కిలోకి 35.165 గ్రాములు. తప్పు ఇచ్చినా ప్రోగ్రామ్ ఆగదు, ఎర్ర గీత రాదు, బుద్ధిగా తప్పు జవాబిస్తుంది (నాలాగే). ఆ తేడా ఘనపు మీటరుకి 0.12 కిలోలే. సముద్రంలో పొరలు కొలిచేవాళ్లకి అది పెద్ద సంఖ్య, మా చెరువుకి లెక్కలోది కాదు.

అడుగు నీళ్లు 20 పీపీటీ, 28 డిగ్రీలు: 1011 కిలోలు. పైన వాన కలిసిన నీళ్లు 8 పీపీటీ అనుకుని, నేను చెప్పినట్టే చల్లబరిచి 24 డిగ్రీలు ఇచ్చాను: 1003. వెయ్యి లీటర్లకి ఎనిమిది కిలోల తేడా! నాలుగు డిగ్రీల చల్లదనం కలిపింది ఒక్క కిలోనే. మంచునీళ్లంత చల్లార్చి చూశాను. 1006న్నర కూడా దాటలేదు. అంటే ఆ రాత్రి పైనీళ్లు దిగే ప్రసక్తే లేదు. మూతలా పరుచుకుని కూర్చున్నాయి. కిందికి గాలి అందదు, అడుగున మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా తినేసింది. మబ్బు పట్టడం వల్ల నాచు ఆక్సిజన్ ఇవ్వకపోవడమూ తోడైంది. నేను చదువుకున్న సూత్రం మంచినీళ్లది. చెరువులో ఉన్నది ఉప్పునీళ్లు.

బంగాళాఖాతం అంతటా జరిగేదీ ఇదే. గోదావరి, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిపోసే మంచినీళ్లు, వాన నీళ్లు ఉప్పునీటి మీద పొరలా నిలబడతాయి. కింది చల్లటి నీళ్లు తేలిగ్గా పైకి రాలేవు, పైనున్న వేడి పైనే ఉంటుంది. తుపాన్లకి అదే మేత.

లెక్క చూపిస్తే నాన్న కాసేపు ఫోన్ స్క్రీన్ చూసి, "అయితే పైనీళ్లు తూములోంచి వదిలెయ్యాలి, అంతేగా" అన్నాడు. నాకు తట్టలేదది. ఇప్పుడు మూత బిగించిన సీసాని కర్రకి కట్టి అడుగుదాకా దించుతాడు. మూతకి కట్టిన తాడు లాగి, అడుగు నీళ్లు పట్టి విడిగా కొలుస్తాడు.

మొన్న వానకి మళ్లీ ఫోన్. "పైది 11, కిందది 18. నీ కంప్యూటర్ ఏమంటోంది?"

"ఏరేటర్లు వేసెయ్ నాన్నా."

"ఎప్పుడో వేశా. ఊరికే అడిగా."