చట్టం దాచిన పేరు మనం చాటవద్దు



బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ పల్లెలోనైనా కొడుకు జేబులో గంజాయి పొట్లం దొరికితే మనం ముందు తలుపు వేసుకుంటాం. పరువు భయం, జైలు భయం.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలోలోపు గంజాయి దగ్గరుంటే ఏడాది వరకు, తాగితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే 18 ఏళ్లు నిండని బిడ్డను జైలుకు పంపరు. జువనైల్ జస్టిస్ బోర్డు విచారించి కౌన్సెలింగుకు, చికిత్సకు పంపవచ్చు. పేరు బయటపెట్టకూడదు. 16 నిండినవాడు 20 కిలోలకు మించి మోస్తూ పట్టుబడితే మాత్రం పెద్దవాడిలా విచారించే వీలుంది. పిల్లలకు గంజాయి ఇచ్చినవాడికీ, వారిచేత మోయించినవాడికీ ఏడేళ్ల వరకు కఠిన కారాగారం.

చట్టమే బిడ్డ పేరు కాపాడుతుంటే, ఆదివారం ఆరాధన ముగియగానే గుడి మెట్ల మీద ఆ పేరు చెప్పుకునేది మనమే. ఆ మాటలకు జడిసే తల్లిదండ్రులు చికిత్సకు వెళ్లడం లేదు. ఇది మన పాపం, ఒప్పుకుందాం.

అమ్మేవాడి సంగతి ఈగల్ విభాగానికి 1972 నంబరులో చెబుదాం. బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకెళ్దాం. తప్పిపోయిన కుమారుని చూసి తండ్రి పరుగెత్తాడు, ఊరేమనుకుంటుందోనని ఆగలేదు.