వంశం మీది నింద, జన్యువుల సాక్ష్యం

ఈ మధ్య దగ్గరి బంధువుల ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి తొమ్మిదేళ్ళ పాపకు టైప్ 1 మధుమేహమని తేలి నెల దాటింది. పాప ఇన్సులిన్ సూదికి అలవాటు పడుతున్నది. తల్లి మాత్రం అత్తగారి మాటలకు అలవాటు పడలేకపోతున్నది. "మా వంశంలో ఏడు తరాలుగా ఈ జబ్బు లేదు, ఇది కోడలి పుట్టింటి రక్తం" అని ఆవిడ వచ్చినవారందరికీ చెబుతున్నారు. పక్కనే ఉన్న చదువుకున్న పెద్దమనిషి ఒకాయన "అంతా జీన్సే కదమ్మా" అని దానికి శాస్త్రం పేరిట ముద్ర వేశారు. పెద్దావిడ మాటను క్షమించగలను గాని ఆ ముద్రను క్షమించలేను. ఆనాడు నేనూ నోరు మెదపక, కాఫీ తాగి లేచి వచ్చాను. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తమే ఈ టపా.

జన్యువుల పాత్ర లేదని నా వాదన కాదు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను తానే నాశనం చేయడమే ఈ వ్యాధి. వారసత్వంగా వచ్చే ముప్పులో దాదాపు సగం 6వ క్రోమోజోము మీది హెచ్‌ఎల్‌ఏ ప్రాంతానిది. మిగిలినది 60కి పైగా చోట్ల చెదిరి ఉన్న చిన్న చిన్న భేదాలది. ఇవి తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి. వీటిలో అధికభాగం ప్రోటీన్ల నిర్మాణాన్ని మార్చవు. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలన్న నియంత్రణను మారుస్తాయి.

ఆ నియంత్రణలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలకూ పాత్ర ఉంది. సుమారు 22 అక్షరాల పొడవుండే ఈ తునకలు ప్రోటీన్ తయారీకి వెళ్ళే సందేశాన్ని అడ్డగిస్తాయి. 1993లో ఒక సూక్ష్మమైన పురుగులో వీటిని తొలిసారి గుర్తించినందుకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది. జన్యుభేదాన్ని బట్టి వీటి మోతాదు మారవచ్చు. అంతమాత్రాన రోగిలో కనిపించే ప్రతి మార్పూ రోగకారణం కాదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-375 బీటా కణాలలో సమృద్ధిగా ఉంటుంది. ఆ కణాలు చనిపోతుంటే రక్తంలోకి చేరుతుంది. అక్కడ అది నాశనానికి గుర్తే గాని, నాశనానికి కారణమని చెప్పలేం.

ఇక వంశం సంగతి. 14వ క్రోమోజోము మీద మైక్రో ఆర్‌ఎన్‌ఏల పెద్ద గుంపు ఒకటి ఉంది. అదే ప్రాంతంలోని ఒక భేదం తండ్రి నుంచి సంక్రమించినప్పుడు టైప్ 1 ముప్పుతో ముడిపడి ఉన్నదని 2010లో వెల్లడైంది. అంతేకాదు, టైప్ 1 ఉన్న తల్లి పిల్లలకంటే, టైప్ 1 ఉన్న తండ్రి పిల్లలకే ఆ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. అత్తగారి తర్కాన్నే పట్టుకుంటే నింద ఎటు తిరుగుతుందో చూడండి! అయినా ఆ తర్కం నాకు వద్దు. తల్లి మీది నిందను తండ్రి మీదికి మార్చడం న్యాయం కాదు. ఎవరూ ఎంచుకుని జన్యువులను ఇవ్వలేదు.

"ఏడు తరాలుగా లేదు" అన్నది అసలు సాక్ష్యమే కాదు. ఈ వ్యాధి వచ్చినవారిలో పదింట ఎనిమిది తొమ్మిది మందికి దగ్గరి బంధువులలో ఎవరికీ అది ఉండదు. ఒకే జన్యువులు పంచుకున్న సమరూప కవలలలో సైతం ఒకరికి వస్తే రెండవవారికి వచ్చి తీరాలని లేదు. జన్యువులే సర్వస్వమైతే అది ఎలా సాధ్యం?

1922లో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే బాలుడిని బతికించింది ఇన్సులిన్, వంశవృక్షం కాదు. మన పాపకు కావలసిందీ అదే: వేళకు ఇన్సులిన్, కంటి నిండా నిద్రపోయిన తల్లి.

వచ్చే ఆదివారం మళ్ళీ ఆ ఇంటికి వెళుతున్నాను. ఈ మాటలన్నీ ఆ పెద్దమనిషి ఎదుటనే చెబుతాను. మీ ఇళ్ళలో ఇటువంటి నింద వినబడితే, నాలాగా కాఫీ తాగి లేచి రాకండి.